స్పానిష్ కథకు ఊఁ కొట్టినవాడు

"శుభ్రం చేయించి ఇవ్వడమేంటి నానమ్మా? అదేమన్నా గిన్నా, చెంబా?"

"గిన్నైనా చొక్కా అయినా ఒకటే పద్ధతి. ఒకళ్ళ చేతిలో పెట్టేటప్పుడు మన మురికి మనం వదిలించి పెట్టాలి."

"అందులో ఉంది మురికి కాదు. మా నాన్న."

"నీకు నాన్న కాకముందే వాడు నాకు కొడుకు. ఆ సంగతి నాకు చెప్పక్కర్లేదు."

"అయితే ఒక్క మాట నన్నడిగితే ఏం పోయేది?"

"అడగడానికి నువ్వు అన్నం ముందైనా కూర్చుంటేగా. తలుపేసుకుని కూర్చున్నదానివి."

"ఈ ఇంట్లో చిరిగిన గలేబు దాస్తావు. పళ్ళూడిన దువ్వెన దాస్తావు. తాత సైకిలు ట్యూబు ఇప్పటికీ మేకుకి వేలాడుతోంది. ఆ ఫోను ఒక్కటే ఇచ్చెయ్యాలనిపించిందా నీకు?"

తప్పు ఒప్పుకోవడం అలవాటు లేక, "గొంతు తగ్గించు, మీ అమ్మ వింటుంది" అన్నాను.

పటమటలో మా ముందు గదే మా దుకాణం. పరుపులు, దిండ్లు కుడతాం. మేం దూదేకులవాళ్ళం. నమాజు, రోజా అన్నీ ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను పుట్టింది పామర్రు దగ్గర. కోతలు అయ్యాక మా నాన్న విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి రైతుల ఇళ్ళలో పరుపుల దూది ఏకేవాడు. నేను మూడో తరగతి దాకా బడికి వెళ్ళాను. కూడబలుక్కుని చదవడం రాగానే ఇక చాలన్నారు. మసీదు దగ్గర ఖురాను చదవడం నేర్పారు. అక్షరం తప్పు పోకుండా పలుకుతాను, అర్థం తెలియదు. అర్థం తెలియని భాషను భయంగా, భక్తిగా నోటితో పట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్నదే.

నా మనవరాలు డిగ్రీ చదువుతూ స్పానిష్ మొదలుపెట్టింది. ఆ భాష వస్తే కంపెనీల్లో ఫోన్లు మాట్లాడే ఉద్యోగానికి జీతం ఎక్కువని ఎవరో చెప్పారు. డిగ్రీ అయ్యేసరికి ఒక కంపెనీ వాళ్ళు రమ్మన్నారు కూడా. ఇది వెళ్ళనంది. హైదరాబాదులో యూనివర్సిటీలో చేరి రెండేళ్ళు స్పానిష్ సాహిత్యం చదువుతానంది.

"కథలు చదవడానికి యూనివర్సిటీ ఎందుకే? ఉద్యోగం ఎదురొచ్చి పిలుస్తుంటే" అన్నాను.

"నాకొచ్చింది కౌంటర్ భాష నానమ్మా. పేరేంటి, బిల్లెంత, కాసేపు లైన్లో ఉండండి, అంతే. అవతలివాళ్ళు నవ్వుతూ తిడుతున్నారో, తిడుతూ బతిమాలుతున్నారో నాకు తెలియట్లేదు. అది తెలియాలంటే వాళ్ళ కథలు చదవాలి."

"తెలియకపోతే ఏం? వాళ్ళు నీకేమన్నా చుట్టాలా?"

నా కొడుకు దబ్బనంలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అన్నాడు. "దూది కొన్నంత మాత్రాన పరుపు అయిపోద్దా అమ్మా. ఏకాలిగా. దాన్ని వెళ్ళనీ."

దాంతో ఆ మాట తెగింది. తర్వాత ఒక పెళ్ళిలో, ఇంట్లో ఉర్దూ మాట్లాడే చుట్టం ఒకావిడ నలుగురిలో వాణ్ణి పట్టుకుంది. "మీకు ఉర్దూయే సరిగ్గా రాదు. పిల్లకి స్పానిష్ చెప్పిస్తున్నావంట?" అంది. వాడు బిర్యానీ వడ్డిస్తూ, "ఉర్దూ అయితే తప్పులు పడతారు కదండీ. స్పానిష్ అయితే తప్పో ఒప్పో మీకూ తెలియదు, మాకూ తెలియదు. హాయి" అన్నాడు. ఆవిడ కూడా నవ్వేసింది. వాడితో అదొకటి, ఎవరినైనా నవ్వించి పంపేవాడు.

యూనివర్సిటీలో దానికి పాఠం చెప్పే మేడమ్ ఒక పద్ధతి పెట్టిందట. రోజూ కాసిని పేజీలు పైకి చదవాలి. గోడకి కాదు, మనిషికి. వినే మనిషి ఎదురుగా ఉంటేనే గొంతు వంకర్లు పోకుండా నిలబడుతుందని, ఆ చదివింది రికార్డు చేసుకుని తప్పులు తనే పట్టుకోవాలని చెప్పిందట. హాస్టల్లో ఇది పైకి చదివితే పక్క మంచాలవాళ్ళు దుప్పట్లు కప్పుకునేవారట. అందుకని వాళ్ళ నాన్నకి ఫోన్ చేసేది.

సాయంత్రం దుకాణంలో లైటు వేసే వేళకి ఫోను మోగేది. వాడు స్పీకరు పెట్టి, కుట్టే పరుపు మీదే దాన్ని ఉంచి, చుట్టూ జరుగుతూ కుట్టుకునేవాడు. అది చదివేది. వాన రేకు మీద పడ్డట్టు గబగబా నడిచే భాష అది. మధ్యమధ్య అది ఊపిరి తీసుకున్న చోట వీడు "ఊఁ" అనేవాడు. పిల్లలు కథ వింటూ కొడతారే, ఆ ఊఁ.

అంతసేపు ఫోను వేడెక్కడం, చార్జింగ్ అయిపోవడం నాకు నచ్చేది కాదు. "ఏమర్థమైందని ఊఁ కొడుతున్నావురా?" అని అడిగాను ఒకసారి.

"అర్థమైతేనే కొట్టాలా? నా చిన్నప్పుడు నువ్వు కథ చెబితే నాకేం అర్థమైంది? నిద్రపోలేదని తెలియడానికి కొట్టేవాణ్ణి. ఇదీ అంతే."

చదవడం అయ్యాక, "ఇప్పుడు మనిషి భాషలో చెప్పమ్మా" అనేవాడు. అప్పుడది ఆ కథని తెలుగులో చెప్పేది. నేను విననట్టే దిండ్లు నింపుకుంటూ వినేదాన్ని. ఒక కథ నాకు బాగా గుర్తు. ఏదో కొండ ఊళ్ళో చర్చి గంట కొట్టే ముసలాయనకి చెవుడు వస్తుంది. తర్వాత ఆ గంటకి పగులొస్తుంది, మోగదు. ఆ సంగతి ఆయనకు తెలిస్తే తట్టుకోలేడని ఊరంతా మాట్లాడుకుని, ఆయన తాడు లాగినప్పుడల్లా ఎక్కడివాళ్ళు అక్కడ పనులాపి గంట విన్నట్టు నిలబడతారు. మా వాడు దబ్బనం ఆపి చాలాసేపు ఆలోచించాడు.

"మరి టైమెలా తెలిసేదంట వాళ్ళకి?"

"నాన్నా, అదా నీ డౌటు?"

"కాదమ్మా, పొలాల్లో ఉన్నవాళ్ళకి ఆయన తాడు లాగింది కనపడదుగా. మరి వాళ్ళెలా ఆగారు?"

అవతల పేజీలు వెనక్కి తిప్పుతున్న చప్పుడు వినపడింది. తర్వాత, "రేపు మేడమ్‌ని అడుగుతా" అంది. అడిగిందట కూడా. క్లాసంతా ఆ ఒక్క ప్రశ్న మీదే మాట్లాడుకున్నారని చెబితే వీడు వారం పాటు వచ్చిన ప్రతి బేరానికీ ఆ కథ చెప్పాడు.

వాడి ఫోన్లో మాట్లాడినవన్నీ వాటంతట అవే రికార్డు అయ్యేలా మనవరాలే ఏదో నొక్కి పెట్టింది. దాని ఫోన్లో చోటు ఉండేది కాదు. సెలవులకి వచ్చినప్పుడు వాళ్ళ నాన్న ఫోను తీసుకుని, దూది బస్తాలకి ఆనుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని వినేది. పుస్తకంలో పెన్సిలుతో గీతలు గీసుకునేది. అవి పాఠాల కోసం అనుకున్నాను. అందులో వాడి ఊఁ కూడా ఉందని, వాడి దగ్గు, దారం తెంపేటప్పుడు వాడు గొణిగే కూనిరాగం కూడా ఉన్నాయని నాకు తోచలేదు.

దగ్గు వాడికి చాలా ఏళ్ళ నుంచి ఉంది. ఈ పని చేసేవాళ్ళకి దూది నుసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా ఆయన కూడా అలాగే పోయాడు. మూతికి గుడ్డ కట్టుకోరా అంటే, ఊఁ ఎలా కొట్టను అనేవాడు. చివరి సాయంత్రం అది ఫోన్ చేస్తే, "ఇవాళ వద్దమ్మా, కొంచెం ఆయాసంగా ఉంది. రేపు రెండూ కలిపి చదువుదువుగాని" అన్నాడు. తెల్లవారి వాడు లేవలేదు. పిల్ల వచ్చేదాకా జనాజా లేపనివ్వలేదు నేను. అది వచ్చి వాడి మొహం చూసింది. ఏడవలేదు. నాకు దానికే భయం వేసింది.

మాలో నలభయ్యోనాడు పోయిన మనిషి పేర ఫాతెహా చదివించి, ఆ మనిషి వాడుకున్నవి లేనివాళ్ళకి ఇస్తాం. పనికిరానివి ఇవ్వకూడదు. ఇచ్చేది ఇంకొకరు సంతోషంగా వాడుకునేలా ఉండాలి. వాడి చొక్కాలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించాను. చెప్పులకి పాలిష్ పెట్టాను. మసీదులో నమాజుకి పిలుపిచ్చే మౌజను గారి కూతురు ఇంటర్ చదువుతోంది. వాళ్ళింట్లో మంచి ఫోను లేదు. కాబట్టి ఫోను వాళ్ళకే అనుకున్నాను. మా ఇంటి మాటలు ఇంకొకరింటికి వెళ్ళకూడదు కదా. దగ్గర్లో ఉన్న ఫోన్లు బాగుచేసే షాపుకి తీసుకెళ్ళి, ఫొటోలు మా కోడలి ఫోన్లోకి ఎక్కించి, మిగతాదంతా తీసెయ్యమన్నాను. "ఇంకేమన్నా ఉంచమంటారాండీ?" అని షాపతను రెండోసారి కూడా అడిగాడు. "ఏమీ వద్దు, కొత్తదానిలా చెయ్యి" అన్నాను. అద్దం తుడిచి, జేబురుమాల్లో చుట్టి ఇచ్చాను. మంచి పని చక్కగా చేశాననుకున్నాను.

ఆ తర్వాత కూడా మనవరాలు యూనివర్సిటీకి కదల్లేదు. చివరి సెమిస్టరు నడుస్తోంది. ఆ ఒక్కటీ పూర్తి చేస్తే అయిపోతుంది. ఇదివరకు పిలిచిన కంపెనీ వాళ్ళు మళ్ళీ ఫోన్లు చేస్తున్నారు. ఇంట్లోంచే పని చేసుకోవచ్చంటున్నారు. అది అటే మొగ్గుతోందని నాకు తెలుస్తోంది. చేరినప్పుడు వద్దన్నదాన్ని నేనే. కానీ సగం ఏకిన దూదిని గాలికి వదిలెయ్యడం నా ఒంటికి పడదు. పైగా అది వాడి కోరిక. ఆ చదువు ఆగిపోతే వాడు ఇంకోసారి పోయినట్టు ఉంటుందని నాకు అనిపించింది. పైకి మాత్రం, "కట్టిన ఫీజు ఎవడిస్తాడు?" అన్నాను. నాకు అలాగే మాట్లాడటం వచ్చు.

ఒక రోజు, "పుస్తకం తీసి చదువు. నేను వింటా" అన్నాను.

అది వింతగా చూసి, తెచ్చి చదివింది. దాని గొంతు మెట్టు మెట్టుకీ పడిపోతోంది. ఎక్కడ ఊఁ అనాలో నాకు తెలియలేదు. ఒకచోట అన్నాను. అది ఆగిపోయింది.

"నువ్వంటే పరీక్ష పెట్టినట్టుంది నానమ్మా."

"మెల్లగా అంటాలే."

"వద్దులే." పుస్తకం మూసేసింది.

తర్వాత కొన్నాళ్ళకి, నేను చెప్పడం మానేశాక, తనంతట తనే వచ్చి నా పక్కన కూర్చుంది. మొహం కడుక్కుని, జడ వేసుకుని ఉంది. "వెళ్తా నానమ్మా. పరీక్షలు రాస్తా. నాన్న ఫోను ఇవ్వు, పట్టుకెళ్తా. రోజూ అది వింటూ, నాన్న ఊఁ అన్నచోటల్లా ఆగుతూ చదువుకుంటా. అలా అయితే చదవగలననిపిస్తోంది" అంది.

అప్పుడు చెప్పాను. అప్పుడే మొదట చెప్పిన గొడవ అయింది.

"మీ అమ్మ వింటుంది" అని నేనన్నాక, లోపలి గదిలోంచి మా కోడలి గొంతు వచ్చింది. భర్త పోయిన ఇద్దత్ నెలలు ఆ అమ్మాయికి ఇంకా పూర్తి కాలేదు, గడప దాటదు.

"నానమ్మని ఏమీ అనకే. నన్నడిగే ఇచ్చింది. నేనే సరేనన్నాను."

నేను ఆమెను అడిగింది ఫొటోల సంగతి ఒక్కటే. నా కోసం అబద్ధం ఆడింది. ఇన్నేళ్ళలో ఆ అమ్మాయికి నేను మెత్తగా చెప్పిన మాటలు ఎన్నున్నాయో నాకు తెలుసు. ఆ అబద్ధం వినలేక పైట సర్దుకుని బయటికి వచ్చేశాను.

ఇచ్చినదాన్ని మళ్ళీ అడగకూడదు. అది మాలో ఎంత తప్పో నేనే పదిమందికి చెప్పినదాన్ని. అయినా పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు అయి జనం బయటికి వస్తుంటే మసీదు పక్క గుమ్మం దగ్గర నిలబడ్డాను. మౌజను గారు నన్ను చూసి కంగారుపడ్డారు.

"ఏంటండీ పెద్దమ్మగారూ, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా."

"ఫోను ఒకసారి కావాలయ్యా. మళ్ళీ ఇచ్చేస్తా."

ఆయన ఎందుకని అడగలేదు. ఇంట్లోకి వెళ్ళి తెచ్చారు. వెనక ఆ పిల్ల వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "చార్జింగ్ పెట్టే ఉంచానండి" అంది నాతో. తీసేసుకుంటాననుకుంది పాపం.

షాపులో అతను ఫోన్ని కంప్యూటర్‌కి కలిపి చాలాసేపు చూశాడు. నేను స్టూలు మీద కూర్చుని అతని మొహమే చూస్తున్నాను.

"రాదండీ. మీరు మొత్తం తీసెయ్యమన్నారు కదా, తీసేశాను. తర్వాత కొత్తవి ఎక్కాయి. ఆ రోజే చెప్పుంటే వేరే చోట పెట్టేవాణ్ణి."

"గొంతులు కూడా ఫోన్లో ఉంటాయని నాకు తెలియదు బాబూ."

"ఎవరి గొంతండీ?"

చెప్పాను. అతను లేచి నిలబడ్డాడు. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఫోను తీసుకెళ్ళి ఆ పిల్ల చేతిలోనే పెట్టి, బాగా చదువుకోమని చెప్పి ఇంటికి వచ్చాను.

మనవరాలు దుకాణంలో లైటు వెయ్యకుండా కూర్చుని ఉంది.

"ఎక్కడికెళ్ళావ్?"

"మసీదు దగ్గరికి. షాపుకి. రాదంట."

"ఇచ్చింది అడిగావా? నువ్వా?"

"నేనే."

అది నా కాళ్ళ దగ్గరికి జరిగి, నా మోకాలికి తల ఆనించింది. వాడు పోయాక అప్పుడు ఏడ్చింది, మొదటిసారి. ఏడుస్తూ అంది. "మర్చిపోతానేమోనని భయంగా ఉంది నానమ్మా. మొహం ఫొటోలో ఉంది. గొంతు ఎక్కడుంది?"

"మర్చిపోవులేవే" అన్నాను. అన్నానే గాని, ఆ మాట నాకే నమ్మకంగా లేదు. దాని తల మీద చెయ్యి వేసి, వాడి ఊఁ ని గుర్తు చేసుకోవాలని చూశాను. పుట్టినప్పుడు వాడు ఏడ్చిన ఏడుపు వినపడింది. బడికి వెళ్ళనని గుమ్మంలో పడి అరిచింది వినపడింది. ఆ మధ్య రోజూ నా పక్కనే కూర్చుని అన్న ఆ చిన్న చప్పుడు మాత్రం పట్టుబడలేదు. దిండ్లు నింపుకుంటూ ఎంత దగ్గరగా విన్నాను, ఎంత తక్కువ విన్నాను.

"ఆ ఫోను లేకపోయినా వెళ్ళవే" అన్నాను. ఈసారి ఫీజు మాట ఎత్తలేదు. "వాడు వెళ్ళమన్నాడు. నేనూ వెళ్ళమంటున్నా."

"చదువుతుంటే ఊపిరి తీసుకునే చోట ఏమీ వినపడట్లేదు నానమ్మా. అక్కడే ఆగిపోతున్నా. పరీక్షలో కూడా అక్కడే ఆగిపోతా."

"కొన్నాళ్ళు పోతే..."

"చూద్దాంలే" అని కళ్ళు తుడుచుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి పడుకుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. సిగ్నలు ముందు గదిలోనే బాగుంటుందని అది దుకాణంలో కూర్చుని మాట్లాడింది. నేను బస్తా విప్పి దూది తీస్తున్నాను. చాలాసేపు స్పానిష్‌లోనే మాట్లాడింది. ఎక్కడా తడుముకోలేదు. రెండుసార్లు నవ్వింది కూడా, అవతలివాళ్ళు ఏదో సరదాగా అన్నట్టున్నారు. పెట్టేశాక ఫోను ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"సోమవారం నుంచి చేరమన్నారు. ఇంట్లోంచే."

"యూనివర్సిటీకి?"

"రానని ఇందాకే మెయిల్ పెట్టేశా."

నేను దూది తీస్తూనే ఉన్నాను. "నీ భాషకేమన్నారు?"

"చాలా బాగుందన్నారు. ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు."

"ఏం చెప్పావ్?"

"యూనివర్సిటీలో అని చెప్పా."

పెసరట్టు వేసి పెట్టాను. ఒకటి తిని, ఇంకొకటి వేస్తానంటే చాలంది. తర్వాత దాని పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్ది, పరుపులు కట్టే తాడుతో కట్టింది. అటక మీద పెడతానంది. నేను నిచ్చెన పట్టుకున్నాను. అదే ఎక్కి పెట్టింది.